పదిహేను బైట్ల దర్శి

కంప్యూటర్లను నడిపే యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. ఆపై నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 2న, మా ఊరు దర్శి నెల్లూరు జిల్లా నుంచి విడిపోయి కొత్త ఒంగోలు జిల్లాలో కలిసింది. 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది. ఊరు ఉన్నచోటే ఉంది. మిరప చేలూ పత్తి చేలూ కదల్లేదు. మారింది చిరునామా. పాత చిరునామా పట్టుకుని వెతికితే ఊరే లేదంటారు. 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని యూనిక్స్ అరవై దగ్గరపడుతున్న వయసులోనూ చెబుతున్నది ఈ మాటే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దీన్ని మొదలుపెట్టినప్పుడు చేసిన గొప్ప పని పేరునీ వస్తువునీ విడదీయడం. ఫైలుకు సంబంధించిన వివరాలు ఐనోడ్‌లో ఉంటాయి, దానికో నంబరు. డైరెక్టరీ అంటే పేరు పక్కన నంబరు రాసిన రిజిస్టరు, అంతే. కాబట్టి 'నో సచ్ ఫైల్' అనే రెండో నంబరు ఎర్రర్ వచ్చిందంటే మీరు చెప్పిన దారిలో ఆ పేరు లేదని మాత్రమే అర్థం. సమాచారం పోయిందని కాదు. ఈ తేడా తెలియక గుండె జారినవాళ్లను చాలామందిని చూశాను.

పదమూడో నంబరు ఎర్రర్ 'పర్మిషన్ డినైడ్'. ఇక్కడ అందరూ ఫైలునే చూస్తారు, దారిని చూడరు. డైరెక్టరీకి రీడ్ ఉంటే లోపలి పేర్ల జాబితా చదవొచ్చు. రైట్‌తో పాటు ఎగ్జిక్యూట్ కూడా ఉంటే పేర్లు చేర్చొచ్చు, తీసేయొచ్చు. ఎగ్జిక్యూట్ ఒక్కటే ఉంటే గడప దాటొచ్చు. పై నుంచి కింది దాకా ఏ ఒక్క గడప దగ్గర ఆపినా, ఫైలు మీద ఎన్ని హక్కులున్నా అందదు. యూనిక్స్ బాటలోనే వచ్చిన లినక్స్‌లో 'నేమ్‌ఐ -ఎల్' కమాండ్ ప్రతి గడపనూ వరసగా చూపిస్తుంది. అది చూడకుండా అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 కొట్టేయడం పరిష్కారం కాదు, తాళం పోయిందని గోడౌన్ తలుపులు ఊడబీకడం.

కరెంటు సంగతి మా మెట్ట ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. రాస్తుండగా కరెంటు పోతే రిజిస్టరుకీ ఐనోడ్‌కీ పొంతన తప్పొచ్చు. అందుకే ఆ పొంతన సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే వచ్చింది, దిక్కులేని ఫైళ్లకు 'లాస్ట్+ఫౌండ్' డైరెక్టరీ వచ్చింది. 2001లో లినక్స్ కెర్నెల్‌లోకి చేరిన ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ ముందే చిట్టా రాసుకోవడం నేర్చింది. ఫైల్ సిస్టమ్ ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయిపోతే అది మొండితనం కాదు, తనను తాను కాపాడుకోవడం. ముందు కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ చదవాలి, కాపీ తీసుకోవాలి. మౌంటై ఉండగా ఎఫ్‌ఎస్‌సీకే నడపకూడదు.

ఇక తెలుగు. 1979 నాటి ఏడో సంచిక యూనిక్స్‌లో ఫైలు పేరుకు 14 బైట్లే. భారతీయ లిపుల కోసం చేసిన ఇస్కీ సంకేతంలో ఒక్కో గుర్తుకు ఒక్కో బైటు చొప్పున దర్శికి 5 చాలు. 1983లో బర్కిలీవాళ్లు హద్దును 255కి పెంచారు. 1991లో యూనికోడ్ తెలుగుకు చోటిచ్చింది. 1992లో థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 కట్టాడు. అందులో తెలుగు గుర్తు ప్రతిదీ 3 బైట్లు. ద, ర, పొల్లు, శ, గుడి: ఐదు మూళ్లు పదిహేను. పాత హద్దుకు మా ఊరి పేరు ఒక్క బైటు ఎక్కువ! నేటి ఈఎక్స్‌టీ4లోనూ 255 బైట్లంటే తెలుగు గుర్తులు 85 మాత్రమే. విండోస్‌లో హాయిగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు ఇక్కడికి రాగానే 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అనేది ఇందుకే.

ఒకసారి ఓ మిర్చి కొట్లో గుమస్తా నన్ను పిలిచాడు. "ఏందన్నా ఇది, ఫైలు కళ్లముందు కనపడతా ఉంది, తెరవమంటే లేదంటది!" పేరు 'మార్కెట్'. అతను అదే కొట్టాడు, అక్షరం పొల్లుపోలేదు. బైట్లు తీసి చూస్తే ట్ తర్వాత ఆక్టల్‌లో 342 200 214 ఉన్నాయి. పొల్లు తర్వాత మన కీబోర్డులు కొన్ని వదిలిపెట్టే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అది. కెర్నెల్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఐత్వానిదీ ఇలాంటి కథే. యూనికోడ్ దాన్ని ఒకటిగానూ, రెండు ముక్కలుగానూ రాయనిస్తుంది. యాపిల్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ముక్కలుగా దాచేది. అక్కడినుంచి వచ్చిన ఐత్వం పేరు లినక్స్‌లో వేరే పేరవుతుంది.

ఈ చిక్కులకు భయపడి ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మన పత్రాలకు మన పేర్లే ఉండాలి. కనపడే ఫైలు లేదంటే దాన్ని చెరిపి మళ్లీ చేసుకోకండి. ఎల్‌ఎస్ ఇచ్చినదాన్ని ఓడీ -సీకి పంపి, ఆ 342 200 214 ఉన్నాయేమో ముందు చూడండి.