చిమ్మిలి కథ: నువ్వు, వేరుసెనగ, సారపప్పు

1931వ సంవత్సరమున పార్వతీపురము నుండి రాయపూర్ వరకు రైలుమార్గము పూర్తియైనది. విజయనగరము–పార్వతీపురముల నడుమ భాగము 1908–09 ప్రాంతముననే తెరువబడి యుండెను. బెంగాల్–నాగపూర్ రైల్వేవారు ఈ దారిని వేసినది మధ్యపరగణాల సరకును విశాఖ రేవునకు దింపుటకు. అయినను రైలు సరకులను మాత్రమే మోయదు గదా! ఉద్యోగములకై ఉత్తరాంధ్రము నుండి వచ్చిన కుటుంబములతోపాటు రోలు, రోకలి, చేట, బెల్లపు దిమ్మ కూడ ఈ దారినే వచ్చినవి. నేడు శంకర్ నగర్ లోని తెలుగు ఇండ్లలో రోలు ఉన్నవి తక్కువ. మిక్సీ లేని ఇల్లు లేదు. చిమ్మిలి మాత్రము నిలిచినది. దాని పూర్వోత్తరములు కొంత తెలిసికొనదగినవి.

ముందుగా నువ్వు. హరప్పా త్రవ్వకములలో మాడిన నువ్వులు దొరకినవి. ఈ పైరు భారతభూమియందే మొదట సాగులోనికి వచ్చినదని నేటి వృక్షశాస్త్రజ్ఞులలో పెక్కుమంది అభిప్రాయము. సంస్కృతమున ‘తిల’ శబ్దము నుండియే ‘తైలము’ పుట్టినది. తెలుగు మాట యింకను చిత్రమైనది: నువ్వు, నెయ్యి కలిసి ‘నూనె’ యైనది. కనుక ‘వేరుసెనగ నూనె’ యన్నప్పుడు మనము తెలియకయే వేరుసెనగను నువ్వుగా మన్నించుచున్నాము! నువ్వు బరువులో ఇంచుమించు సగము నూనెయే. చిమ్మిలి రహస్యమంతయు ఇందే యున్నది. దంచునపుడు గింజ పగిలి నూనె పైకి వచ్చును. బెల్లము దానిని పట్టుకొనును. పాకము లేకయే ఉండ కట్టును. రోకటిపోటు నెమ్మదిది, వేడి పుట్టింపదు. మిక్సీలో ఎడతెగక త్రిప్పినచో నూనె అధికముగా ఊరి ముద్ద జారిపోవును. అనుభవముగల ఇల్లాండ్రు అందుచేతనే ఆపి ఆపి త్రిప్పుదురు.

నాగులచవితినాడు పుట్టకు నివేదించు చిమ్మిలికై అనేక కుటుంబములలో నువ్వులు వేయింపరు. ఆనాటి చలిమిడి, వడపప్పు కూడ పొయ్యి ఎక్కనివే. రజస్వలయైన బాలికకు చిమ్మిలి పెట్టుట మరియొక ఆచారము, బలమునకని పెద్దలందురు. ఇదే గింజ పితృకార్యములందు తిలోదకముగా చేతినుండి జారును. ఒక్క గింజ పుట్టకు, పిల్లకు, పితరులకు పనికివచ్చుట మన ఇండ్లలో ఎవరికిని వింతగా తోచలేదు. తెలంగాణమున సద్దుల బతుకమ్మనాడు నువ్వుల సత్తు, పల్లీల సత్తు చేసి పంచుకొందురు. సంక్రాంతి సకినాలలోను నువ్వులు పడవలసినదే. కోస్తావారు అరిసెలపై నువ్వులద్దుదురు. ఆ అరిసె ఒడియావారికి ‘ఆరిసా’, ఛత్తీస్‌గఢీలో ‘అఇరసా’. మూడింటను బియ్యపుపిండి, బెల్లమే. ఎవరిని చూచి ఎవరు నేర్చిరను వాదము పండుగ వంటింట సాగదు.

వేరుసెనగ సంగతి వేరు. ఇది దక్షిణ అమెరికా ఖండమునుండి ఐరోపా నావికుల చేతులమీదుగా వచ్చిన గింజ. తమిళులు దానిని ‘మణిలాక్కొట్టై’ యనుట చూడగా మనీలా నగరపు జాడ కనిపించుచున్నది. తెలుగువారు మాత్రము ఊరు అడుగక, నేలలోనిది చూచి ‘వేరుసెనగ’ యనిరి. నిజమునకు అది వేరున కాయునది కాదు. పువ్వు రాలినపిదప ఊడవంటి కాడ నేలలోనికి దిగి, దాని కొనయందు కాయ ఏర్పడును. రాయలసీమవారు బుడ్డలనియు, తెలంగాణమువారు పల్లీలనియు అందురు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి దీని సాగు మద్రాసు రాజధానిలో విస్తరించినది. తరువాత అనంతపురము జిల్లా పేరు వేరుసెనగతోనే జతపడినది. బెల్లపు పాకమును నీటిలో వేసి, ఆ ఉండను పళ్లెముపై కొట్టి, టంగుమన్నప్పుడు వేయించిన పప్పు కలిపి పరచుటయే అచ్చు, పల్లీపట్టి. పాకము లేతయైనచో పంటికి అంటును, ముదిరినచో మాడి చేదెక్కును.

పాశ్చాత్యులు ఇదే పప్పును వెన్నవలె నూరి రొట్టెపై పూసికొనిరి. 1884లో మాంట్రియల్ వాసి మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ వేరుసెనగ ముద్దకు పేటెంటు పొందెను; 1895లో జాన్ హార్వే కెలాగ్ తన పద్ధతికై దరఖాస్తు పెట్టెను. మన ఇంట వేరుసెనగ పచ్చడి ఇడ్లీ పక్కన పడుచున్నప్పుడు పేటెంటు మాట ఎవరికి తోచును?

ఇంట చేయుటలోని అసలు ప్రయోజనము రుచి కాదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయినవి. విచారింపగా వాటి మేతలో కలిపిన బ్రెజిల్ వేరుసెనగ పిండి బూజుపట్టినదని తేలినది. ఆ బూజు పుట్టించు విషమునకే ‘అఫ్లటాక్సిన్’ అని పేరు పెట్టిరి. అది కాలేయమును దెబ్బతీయును. వేయించినను పూర్తిగా పోదు. 1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ వేరుసెనగపై చేసిన కృషిలో ఈ సమస్యకు ముఖ్యస్థానమున్నది. ముడుతపడినవి, రంగుమారినవి, బూజుపట్టినవి ఏరివేయుట విషమును చాలవరకు తగ్గించునని పరిశోధకులందురు. చేట ముందు కూర్చుండి ఒక్కొక్క పుచ్చుపప్పును పక్కకు నెట్టిన అమ్మమ్మకు ఆ విషము పేరు తెలియదు, పని తెలియును. పొడియైపోయిన పప్పు ఏ సరకుదో బజారు చిక్కీని చూచి చెప్పుట ఎవరి తరము? పిల్లల నోటికి పోవు పదార్థము గనుక ఈ శ్రమ తగ్గించుకొనదగినది కాదు.

వేరుసెనగను పేదవారి బలాహారముగా వాడుట ప్రభుత్వ సంస్థలును చేసినవే. మైసూరు ఆహార సాంకేతిక పరిశోధనాలయము వేరుసెనగ పిండి, సెనగపిండి కలిపి ‘బహుళార్థ ఆహారము’ రూపొందించినది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారి ‘హైదరాబాద్ మిక్స్’లో గోధుమ, సెనగ, వేరుసెనగ, బెల్లము కలిసినవి. అమ్మమ్మల డబ్బాలోని సరకే!

రాయపూరునకు వచ్చిన తెలుగువారికి ఇక్కడ క్రొత్తగా పరిచయమైన రుచి ఖుర్మీ. తీజా, పోలా పండుగలకు ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగువారు గోధుమపిండి, బెల్లము, నువ్వులతో చేయుదురు. చిరౌంజి, అనగా మన సారపప్పు, కూడ వేయువారున్నారు. అది బస్తరు అడవులనుండి వచ్చును. ఎండలో చెట్టుచెట్టు తిరిగి కాయ ఏరి, తోలు తీసి, గట్టి టెంకను పగులగొట్టి పప్పు తీయుట అడవి స్త్రీల పని. అట్టి పప్పును బస్తరు సంతలలో వర్తకులు సమతూకపు ఉప్పునకు మార్చుకొనెడివారు. పాయసమున పిడికెడు వేసికొను గృహస్థు ఎరుగవలసిన లెక్క యిది. 2013–14లో కేంద్ర ప్రభుత్వము అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతుధర పథకమును ఆరంభించినప్పుడు మొదటి జాబితాలోనే చిరౌంజి గింజ చేరినది. అయితే మద్దతుధర టెంకతోనున్న గింజకు. శంకర్ నగర్ వాసి కొనునది వలిచిన పప్పును. ఈ రెండు ధరల నడుమ నున్న దూరము నేటికిని చిన్నది కాదు.