నూటపదమూడవ సెక్షను కథ

పానగల్ పార్కు పక్కగా రోజూ నడిచే మనవాళ్లలో ఆ పానగల్ ఎవరో తెలిసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు 1921 నుంచి 1926 దాకా మదరాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్నారు. మాంబళం చెరువు నేలమీద కొత్త పేట లేచింది ఆయన హయాంలోనే. ఆ పేటకు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు. గోపతి నారాయణస్వామి చెట్టిగారు ఒక రోడ్డయి మిగిలారు. మధ్యలో పార్కు, దాని నుంచి చీలిన వీధులు, ఇంటికీ ఇంటికీ మధ్య గాలి ఆడేంత ఖాళీ. ఊరు ఒక పద్ధతిలో పెరగాలని 1920లో చేసిన మదరాసు పట్టణ ప్రణాళిక చట్టం ఆ రోజుల్లో మన పేటలో కంటికి కనపడేది.

ఇప్పుడు అదే పేటలో తలెత్తి చూస్తే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. దీనికి బిల్డర్ల అత్యాశే కారణమని అనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం సెయింట్ జార్జి కోటలో, మనం ఎన్నుకున్న శాసనసభలో జరిగింది.

1920 నాటి చట్టం స్థానంలో 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఎన్ని అంతస్తులు వేయాలి, ఎంత జాగా వదలాలి, బండ్లు ఎక్కడ నిలపాలి, అన్నిటికీ నిబంధనలు పెట్టారు. చివరన నూటపదమూడవ సెక్షను ఒకటి చేర్చారు. ప్రభుత్వం తలచుకుంటే ఏ భవనాన్నయినా ఈ చట్టంలోని ఏ నిబంధన నుంచయినా మినహాయించవచ్చునన్నది దాని సారాంశం. ఇంటికి తలుపులన్నీ బిగించి, పెరటి గోడకు కన్నం వదిలినట్టు.

1985లో మదరాసులో కన్స్యూమర్ యాక్షన్ గ్రూప్ అనే సంస్థ మొదలైంది. వినియోగదారుల సంఘమంటే తూకాలూ, కల్తీ నూనె, చెడిపోయిన మిక్సీలూ అని మనలో చాలామంది లెక్క. వీరు ఇళ్ల సంగతి పట్టుకున్నారు. ఊళ్లో గాలి, నీరు, నడిచే దారి కూడా మనం వాడుకునేవే కదా! ఆ మరుసటి ఏడాది, 1986లో, పార్లమెంటు వినియోగదారుల రక్షణ చట్టం చేసింది. 1993లో దాన్ని సవరించి ఇళ్ల నిర్మాణాన్ని కూడా సేవల్లో చేర్చారు. అంటే ఫ్లాటు కొన్నవాడు వినియోగదారుడే. (అదే 1986లో తమిళనాడు శాసనమండలి రద్దయింది. బిల్లును ఇంకొకసారి తీరిగ్గా చదివే చోటు ఆ తర్వాత ఈ రాష్ట్రంలో లేకుండా పోయింది. ఆ సంగతి ఈ కథలో చిన్నది కాదని నా అభిప్రాయం.)

1987 జులై నుంచి 1988 జనవరి వరకు, ఆ ఏడు నెలల్లో, నూటపదమూడు కింద ప్రభుత్వం ఇచ్చిన 62 మినహాయింపు ఉత్తర్వులను ఈ సంస్థ సవాలు చేసింది. తీర్పు రావడానికి 2000 ఆగస్టు దాకా పట్టింది. కారణాలు చెప్పకుండా, చట్టం ఉద్దేశాన్ని పట్టించుకోకుండా ఇచ్చారని సుప్రీంకోర్టు ఆ 62 ఉత్తర్వులనూ తప్పుపట్టి కొట్టేసింది. సెక్షనును మాత్రం ఉంచింది.

కానీ ఆ లోగానే శాసనసభ ఇంకొక పని చేసింది. 1998లో నూటపదమూడు-ఎ అనే కొత్త సెక్షను తెచ్చింది. 1999 ఫిబ్రవరి 28 నాటికి కట్టేసిన అక్రమ కట్టడాలకు రుసుం కడితే సక్రమమైపోతాయి. ఇది ఒక్కసారికే ఇస్తున్న వెసులుబాటు కదా అని సుప్రీంకోర్టు దాన్ని కూడా అంగీకరించింది.

ఆ ఒక్కసారి మా ఇంటికీ వచ్చింది. 1994లో పడమటి మాంబళంలో నేను ఫ్లాటు కొన్నప్పుడు ప్లానులో మూడంతస్తులున్నాయి. గృహప్రవేశానికి వెళితే నాలుగున్నాయి. నాలుగో అంతస్తులో కూడా మనలాంటి సంసారులే, పీఎఫ్ డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు. రుసుం సంగతి తెలిశాక మేడమీద అందరం కూడాం. బిల్డరు ఎప్పుడో ఊరు మారాడు. నాలుగో అంతస్తు పెద్దాయన లేచి, "తప్పు చేసింది వాడు, ఫైను కట్టేది మనమా అండీ?" అన్నారు. ఎవ్వరం మాట్లాడలేదు. చివరకు తలా ఇంత వేసుకుని కట్టాం. అమ్మినవాడు లాభంతో వెళ్లిపోయాడు, ప్రభుత్వానికి రుసుం ముట్టింది. ఫిర్యాదు చేయవలసిన వినియోగదారుడు దరఖాస్తుదారుడయ్యాడు.

ఒక్కసారి అన్నది అక్కడితో ఆగిందా? 2000లో, 2001లో, 2002లో సవరణ మీద సవరణ చేసి శాసనసభ గడువు తేదీని ముందుకు జరుపుతూ పోయింది. పార్టీలు మారినా తేదీ జరగడం మారలేదు. కట్టేవాడికి ఇంతకంటే భరోసా ఏం కావాలి? ఈ ఏడాది కట్టిన అదనపు అంతస్తుకు వచ్చే ఏడాది చట్టం వస్తుంది. కన్స్యూమర్ యాక్షన్ గ్రూప్ మళ్లీ కోర్టు మెట్లెక్కింది. 2006 ఆగస్టులో మదరాసు హైకోర్టు, మొదటి వెసులుబాటు తర్వాత చేసిన ఆ పొడిగింపు సవరణలను కొట్టేసి, అక్రమ కట్టడాలపై చర్యలు చూడడానికి ఒక పర్యవేక్షణ సంఘాన్ని వేసింది.

గెలిచాం అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. త్యాగరాయనగర్‌లో పెద్ద దుకాణాలకు సీళ్లు పడుతుంటే చూసి సంతోషించాను కూడా. 2007 జులైలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: ఏడాదిపాటు ఆ కట్టడాల జోలికి పోకూడదు. 2012లో నూటపదమూడు-సి వచ్చింది. ఈసారి గడువు 2007 జులై 1.

నన్నడిగితే, ఇందులో శాసనసభ్యులను దొంగలని తిట్టడం సులువు, న్యాయం కాదు. కూలగొట్టమని చట్టం చెబితే రోడ్డున పడేది మా నాలుగో అంతస్తు పెద్దాయన కుటుంబమే. ఆయన కూడా ఓటరే. ఎమ్మెల్యే ఇంటికి ఆయనా వెళతాడు, పెద్ద దుకాణం యజమానీ వెళతాడు. పెద్దాయనను చూపించి చేసిన చట్టం దుకాణం యజమానికి ఎక్కువ పనికొస్తుంది. నిప్పంటుకుంటే అగ్నిమాపక బండి తిరగడానికి చోటులేని వీధిలో నడిచేవాళ్ల తరఫున మాత్రం ఎవరూ వెళ్లరు. ఆ సంస్థ వెళ్లింది అందుకే. సిటిజన్ కన్స్యూమర్ అండ్ సివిక్ యాక్షన్ గ్రూప్ అని పేరు పెంచుకున్నాక కూడా పాత పొట్టిపేరు సి.ఎ.జి. తోనే చెన్నైలో చెలామణి అవుతోంది.

2017 మే 31 తెల్లవారుజామున ఉస్మాన్ రోడ్డులో ఒక పెద్ద బట్టల దుకాణం అంటుకుంది. రాత్రంతా కాలి, మేడ కొంత కూలింది. మిగిలినదాన్ని తర్వాత పడగొట్టారు. అనుమతి దాటి లేచిన అంతస్తుల మాట మళ్లీ పత్రికలకెక్కింది. పొగ మా వీధి దాకా వచ్చింది. మా పెద్దాయన అప్పటికి లేరు. వారి అబ్బాయి మేడమీద నిలబడి అటే చూస్తున్నాడు.

ఆ మరుసటి నెలలోనే నూటపదమూడు-సి కింద దరఖాస్తులు తీసుకోవడానికి ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడ్డాయి.