ఎలుక పాదం దాకా వచ్చిన వావిలాకు

మా నాయనమ్మ మోకాళ్ళకి రోజూ సాయంత్రం ఒకటే వైద్యం. వావిలాకుని ఆముదంతో పెనం మీద వెచ్చచేసి, పాత చీర ముక్కలో మూటగట్టి కాపడం పెట్టుకునేది. ఎర్రుపాలెంలో ఆ ఆకు కోసం ఎవరూ కొట్టుకి వెళ్ళరు. వాగు ఒడ్డునో, పొలం గట్టునో దొరుకుతుంది. బాలింతకి నీళ్ళు కాచినా, ఒళ్ళు నొప్పులకి ఆవిరి పట్టినా అదే.

నేను బీఫార్మసీలో చేరిన ఏడాది సెలవులకి ఇంటికొచ్చి, "నాయనమ్మా, నీకు తగ్గేది ఆకు వల్ల కాదు, వేడి వల్ల. ఒట్టి గుడ్డ వెచ్చచేసి పెట్టుకున్నా ఇంతే" అన్నాను. కొత్తగా చదువుకున్న పొగరు. ఆవిడకి కోపం రాలేదు.

"అయితే ఓ కాలికి గుడ్డ పెట్టు, ఓ కాలికి ఆకు పెట్టు. చూద్దాం" అంది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడ అడిగినదాని విలువ అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నొప్పి మందుల చరిత్ర అంతా ఆ రెండో కాలి చుట్టూనే తిరుగుతుంది మరి.

1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. విల్లో చెట్టు బెరడు ఎండబెట్టి, పొడికొట్టి, చలిజ్వరం వచ్చిన 50 మంది దాకా ఇచ్చి చూశానని అందులో చెప్పాడు. ఆ బెరడులోని పదార్థానికి దగ్గరి చుట్టమే తర్వాత ఆస్పిరిన్ అయింది. బేయర్ కంపెనీ ప్రయోగశాలలో 1897లో తయారైంది. అయితే స్టోన్ దగ్గర 50 మంది ఉన్నారు గానీ రెండో కాలు లేదు. బెరడు తీసుకోని మరో 50 మంది ఏమయ్యారో ఆయన చూడలేదు.

నొప్పిని కొలవడం కష్టం. వాపుని కొలవొచ్చు. 1962లో అమెరికాలో మెర్క్ కంపెనీ పరిశోధకులు వింటర్, రిస్లీ, నస్ ఒక పద్ధతి ప్రచురించారు. ఎర్ర సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్ అనే జిగురు ఉంది. ఐస్‌క్రీముల్లో కూడా వేస్తారు. దాన్ని ఎలుక వెనక పాదంలోకి ఎక్కిస్తే కాసేపటికి పాదం వాస్తుంది. ముందే మందు పట్టిన ఎలుకల్లో ఆ వాపు ఎంత తగ్గిందో, మందు పట్టని ఎలుకలతో పోల్చి చూస్తారు. ఇవాళ్టికీ మన ఫార్మసీ కాలేజీల్లో మొక్కల మీద చేసే ప్రాజెక్టులు చాలావరకు ఈ ఎలుక పాదం దగ్గరే మొదలవుతాయి. కొన్ని అక్కడే ఆగిపోతాయి కూడా.

వావిలాకు కూడా అక్కడికి వెళ్ళింది. 2003లో శ్రీలంక పరిశోధకులు ముదురు పచ్చి ఆకుల నీటి కషాయాన్ని ఎలుకలకి తాగించి చూశారు. వాపూ తగ్గింది, నొప్పీ తగ్గింది. ఆ పేపరు చదివిన రోజు నాకు నాయనమ్మ ముందు తలొంచుకోవాలనిపించింది. మళ్ళీ నాలోని ఫార్మసీ విద్యార్థి లేచి కూర్చుంది: ఎలుక కషాయం తాగింది. నాయనమ్మ ఎప్పుడూ తాగలేదు, మోకాలికి కట్టుకుంది. ఆ పరీక్ష ఆకులో పస ఉందని చెప్పిందే గానీ, కాపడం సంగతి తేల్చలేదు.

ఇంకో చెట్టు కథ దీని పక్కన పెట్టి చూడాలి. భద్రాచలం వైపు అడవుల్లో, ఎండు కొండవాలుల్లో పెరిగే అందుగు చెట్టు. సంస్కృత వైద్యగ్రంథాల్లో శల్లకి. బెరడు మీద గాటు పెడితే సాంబ్రాణిలాంటి బంక కారుతుంది. 1986లో జమ్ములోని ప్రాంతీయ పరిశోధనాలయం నుంచి సింగ్, అటల్ ఈ బంక సారాన్ని ఎలుకల మీద, అదే క్యారజీనన్ వాపు మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. 1992లో జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు ఒక అడుగు లోపలికి వెళ్ళారు. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. అందుగు బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాలది వేరే దారి. వాపుని రేపే ల్యూకోట్రయీన్లు తయారుచేసే 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైముని అవి అడ్డుకుంటాయని తేలింది.

అప్పుడిక మనుషులు. 2003లో నాగపూర్‌లో 30 మంది మోకాళ్ళ నొప్పుల రోగుల మీద పరీక్ష జరిగింది. నొప్పి తగ్గింది, నడక మెరుగైంది. ఎక్స్‌రేలో మాత్రం మార్పేమీ లేదు. 2008లో ఆ కథ మా రైలు మార్గం మీదికే వచ్చింది. ఎర్రుపాలెం స్టేషన్‌లో బండెక్కితే దిగే విజయవాడలో లైలా ఇంపెక్స్ పరిశోధన కేంద్రం ఉంది. వాళ్ళు ఆ బంకలోంచి ఒక ఆమ్లం పాలు 30 శాతం ఉండేలా తీసిన సారానికి 5-లాక్సిన్ అని పేరు పెట్టారు. ఏలూరు ఆశ్రం వైద్య కళాశాల డాక్టర్లు అందులో భాగస్వాములు. 75 మంది రోగులు, 25 మంది చొప్పున మూడు జట్లు. ఒక జట్టుకి రోజుకి 100 మిల్లీగ్రాములు, ఒకదానికి 250, మూడోదానికి ఉత్తుత్తి మందు. 90 రోజులు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. చివరి దాకా నిలిచిన వాళ్ళు 70 మంది. సారం తీసుకున్న రెండు జట్లలోనూ నొప్పి గణనీయంగా తగ్గింది. 250 మిల్లీగ్రాముల జట్టులో ఏడో రోజుకే తేడా కనిపించింది.

రాసిన వాళ్ళలో కొందరు ఆ సంస్థ ఉద్యోగులే. అది గుర్తుపెట్టుకునే చదవాలి. 2014లో కాక్రేన్ సమీక్ష ఇలాంటి పరీక్షలన్నీ వడకట్టి, 100 మార్కుల నొప్పి కొలబద్ద మీద ఈ సారం ఉత్తుత్తి మందు కంటే సుమారు 17 మార్కులు ఎక్కువ తగ్గించిందని చెప్పింది. అద్భుతం కాదు. కానీ రాత్రి పడుకోనివ్వని మోకాలికి 17 మార్కులంటే తక్కువేమీ కాదు.

రెండు చెట్లూ మనవే. అందుగు మనుషుల దాకా వెళ్ళింది. వావిలి మీద అచ్చైన పనిలో ఎక్కువ భాగం ఎలుకల దగ్గరే ఉండిపోయింది. వావిలి పనిచేయదని ఎవరో తేల్చి కాదు. సారం తీసి, శాతం కట్టి, పేరు పెట్టి అమ్ముకోగలిగినదాని వెనక డబ్బు నడుస్తుంది. గట్టు మీద ఊరికే దొరికే ఆకుని వెచ్చచేసి కట్టుకోవడాన్ని పరీక్షిస్తే ఎవరికేం వస్తుంది? మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి తప్ప.

అందుకే "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అనేవాళ్ళన్నా, "అంతా మూఢనమ్మకం" అనేవాళ్ళన్నా నాకిప్పుడు ఒకేలా విసుగు. ఇద్దరూ పరీక్ష అక్కర్లేదనే అంటున్నారు. పరీక్ష పెట్టడమంటే ఆ తెలివిని అవమానించడమని నేనూ అనుకునేదాన్ని. నిజానికి నిజమో కాదో తేల్చుకోదగ్గ మాటగా దాన్ని లెక్కలోకి తీసుకోవడం. ఆకు ఓడిపోవచ్చు కూడా. ఓడిపోయే అవకాశం ఇవ్వడం కూడా మర్యాదే.

చదువు రాని మా నాయనమ్మ ఆ మర్యాద అడిగింది. ఓ కాలికి గుడ్డ, ఓ కాలికి ఆకు. ఖర్చు లేదు, ఎలుక కూడా అక్కర్లేదు. ఓ పదిహేను రోజులు సాయంత్రం పూట నేను పక్కన కూర్చుని, ఏ కాలు ఎలా ఉందో అడిగి రాసుకుంటే సరిపోయేది. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు, నిజమే. కానీ ఆవిడ మోకాళ్ళ గురించి మా ఇద్దరికీ ఎంతో కొంత తెలిసేది.

ఆవిడ ఇప్పుడు లేదు. వావిలి మాత్రం వాగు ఒడ్డున అలాగే ఉంది.