తొలి స్నోబోర్డు ఎంపిక: పలక కంటే పాదరక్షలే ముందు

తెలుగు నేలలో మంచు అంటే వేకువన కురిసి, పొద్దెక్కగానే కరిగిపోయేది. శీతల దేశాలలో అది మోకాటి లోతున పేరుకొని నెలల తరబడి నిలుస్తుంది. అట్టి మంచు వాలుపై ఒకే పలక మీద రెండు పాదాలు బిగించుకొని, పక్కవాటుగా నిలిచి జారే క్రీడ స్నోబోర్డింగ్. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ తన కుమార్తెల వినోదం కోసం రెండు స్కీలను జతచేసి రూపొందించిన ఆటవస్తువు దీనికి మూలం. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి స్థానం లభించింది. చదువులకు, కొలువులకు అమెరికా, కెనడా వెళ్లిన తెలుగు యువతలోనూ, గుల్మార్గ్, ఔలీ వంటి హిమాలయ ప్రాంతాలకు వెళ్లే పర్యాటకులలోనూ కొందరు దీనిని అభ్యసిస్తున్నారు.

ముందు అద్దెకు

తొలి రోజులలో పరికరాలను అద్దెకు తీసుకోవడమే శ్రేయస్కరం. రెండు మూడు రోజుల అభ్యాసం తరువాతనే ఆసక్తి నిలిచేదీ లేనిదీ, ఏ పాదం ముందుండాలన్నదీ తేలుతుంది. నున్నని గచ్చుపై మేజోళ్లతో జారి చూస్తే సహజంగా ముందుకు వచ్చే పాదమేదో చాలావరకు తెలిసిపోతుంది. ఎడమ పాదం ముందుంచేవారిని ‘రెగ్యులర్’ అనీ, కుడి పాదం ముందుంచేవారిని ‘గూఫీ’ అనీ అంటారు. రెండూ సమానమే, ఇందులో తప్పొప్పులు లేవు.

బూట్లు

కొనదలచినవారు మొదట కొనవలసినవి బూట్లు. నిటారుగా నిలిచినప్పుడు కాలివేళ్లు బూటు కొనను తాకీ తాకనట్లుండాలి. మోకాళ్లు వంచినప్పుడు మడమ పైకి లేవరాదు. మడమ లేచే బూటుతో పలకపై అదుపు ఉండదు. వదులు తగ్గించడానికి రెండు జతల మేజోళ్లు తొడగడం మేలు చేయదు. ఒక్క జతతోనే సరిపోయే బూటు ఎంచుకోవాలి.

పొడవు, వెడల్పు

నిలబెట్టిన పలక గడ్డానికీ ముక్కుకూ నడుమ ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. అయితే ఎత్తు కంటే శరీర బరువే ముఖ్యం. ప్రతి పలకకూ తగిన బరువు ఎంతో తయారీదారులు పట్టికలో ఇస్తారు. సుమారు 70 కిలోల బరువున్న వయోజనునికి 152 నుంచి 156 సెంటీమీటర్ల పలక సాధారణంగా సరిపోతుంది. కొత్తవారు తమ కొలతలో చిన్నవైపు మొగ్గడం మంచిది. పొట్టి పలక సులువుగా మలుపు తిరుగుతుంది. బూటు కొనలు పలక అంచులను దాటి ఎక్కువగా బయటికి వస్తే మలుపులో మంచును రాచుకొని పడవేస్తాయి. అందువలన పెద్ద పాదాలవారు ‘వైడ్’ రకాన్ని ఎంచుకోవాలి.

ఆకృతి, మెత్తదనం

బోర్లించిన విల్లువలె నడుమ ఎత్తుగా ఉండే పలకను ‘కాంబర్’ అంటారు. పడవ అడుగువలె రెండు కొనలూ పైకి లేచినది ‘రాకర్’. కాంబర్ మంచును గట్టిగా పట్టుకుంటుంది గానీ చిన్న పొరపాటుకే అంచు నాటుకొని మనిషిని బోర్లా పడవేస్తుంది. రాకర్, లేదా నడుమ చదునుగా ఉండి కొనలు లేచిన రకం, అట్టి పొరపాట్లను కొంత మన్నిస్తుంది. సులభంగా వంగే మెత్తని పలక, ముందు వెనుకలు ఒకే తీరుగా ఉండే ‘ట్విన్’ ఆకృతి నేర్చుకునేవారికి అనుకూలం. నిపుణులు వాడే బిరుసైన పలక ఖరీదైనదైనా కొత్తవారికి భారమే.

బైండింగులు, పాత సరుకు

బూటును పలకకు పట్టి ఉంచే పట్టీల అమరికే బైండింగు. ఇది బూటు కొలతకూ, పలకపై ఉన్న మరల రంధ్రాలకూ సరిపోవాలి. వాడిన పలక కొనేటప్పుడు ఉక్కు అంచులు విరిగాయేమో, పొరలు విడిపోయాయేమో, అడుగున లోతైన గాట్లు ఉన్నాయేమో పరీక్షించాలి.

పిల్లల విషయం

పెరిగే బిడ్డకని పెద్ద చొక్కా కుట్టించే పొదుపు ఇక్కడ పనికిరాదు. బరువుకు మించిన పలకను పిల్లలు తిప్పలేరు. పరికరాలను సీజను మొత్తానికి అద్దెకిచ్చే దుకాణాలు అమెరికా, కెనడాలలో ఉన్నాయి.

రక్షణ

కొత్తవారిలో ఎక్కువగా గాయపడేది మణికట్టు. పడబోతూ అరచేయి ఆనించడమే ఇందుకు కారణం. పిడికిలి బిగించి, ముంజేతులపై వాలడం నేర్చుకోవాలి. పలక ధర కొంత తగ్గించుకొని అయినా శిరస్త్రాణం, మణికట్టు రక్షలు, శిక్షకుని వద్ద ఒక పాఠం సమకూర్చుకోవడం వివేకం. మంచి పలక జారుడును సులువు చేస్తుంది. పడినవారు క్షేమంగా లేవడానికి తోడ్పడేవి మాత్రం ఇవే.