మసులీపటం నుంచి నేలపాడు దాకా: కృష్ణా తీరంలో న్యాయవాఙ్మయం, దాని భాష

‘కలెక్టర్ ఆఫ్ మసులీపటం వర్సెస్ కవాలీ వెంకట నరైనప్ప’ అన్న వ్యాజ్యం పేరు హిందూ న్యాయశాస్త్రం చదివినవారికి సుపరిచితం. వారసులు లేని బ్రాహ్మణ జమీందారు ఆస్తి సర్కారుకు చెందుతుందా? అతని వితంతువు ఆ ఆస్తి విషయంలో చేసిన బదలాయింపులకు సర్కారు ఎంతవరకు కట్టుబడాలి? బందరు సీమలో పుట్టిన ఈ రెండు ప్రశ్నలకు 1860-61లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ సమాధానం చెప్పింది. బ్రాహ్మణ ధనం రాజుకు చెందరాదన్న స్మృతి నియమం సర్కారు హక్కుకు అడ్డు కాదని మొదటి తీర్పు. వితంతువు అధికారానికి ఉన్న పరిమితి వారసులు ఉన్నా లేకున్నా పోదని రెండవది. ఈ రెండవ సూత్రం తరవాత తొంభై ఏళ్లకు పైగా దేశంలోని హిందూ వితంతువుల ఆస్తి హక్కును శాసించింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చిన తరవాతనే దాని పట్టు సడలింది. ఎడ్మండ్ మూర్ లండన్‌లో ప్రకటించిన ‘ఇండియన్ అప్పీల్స్’ ఎనిమిదవ సంపుటంలో ఈ తీర్పులు అచ్చయ్యాయి. ఎవరి జీవితాలను అవి శాసించాయో ఆ బందరు సీమ స్త్రీలకు ఆ సంపుటం గానీ, అందులోని భాష గానీ అందేవి కావు.

1875 నాటి చట్టం ఆధారంగా మరుసటి ఏడాది ‘ఇండియన్ లా రిపోర్ట్స్’ ప్రారంభమై, మద్రాసు శ్రేణి వెలువడింది. చల్లపల్లి కేంద్రంగా ఉన్న దేవరకోట జమీ అన్నదమ్ముల మధ్య పంచదగినదా, కాదా అన్న యార్లగడ్డ వారి వివాదంపై 1890 నాటి ప్రివీ కౌన్సిల్ తీర్పు ఆ శ్రేణి పదమూడవ సంపుటంలోనే ఉంది. ఆ మరుసటి ఏడాదే, 1891లో, ‘మద్రాస్ లా జర్నల్’ పుట్టింది. తీర్పులను ప్రకటించడంతో ఆగక వాటిని తూచి విమర్శించే వ్యాసాలకు కూడా అది చోటిచ్చింది. దక్షిణాదిలో న్యాయ పాండిత్యం పత్రికారూపం దాల్చిందని చెప్పదగిన ఘట్టం ఇది.

అయితే ఆ పాండిత్యం ఆంగ్లంలోనే సాగింది. ఇక్కడొక వైచిత్రి గమనించదగింది. 1902లో బందరులో ‘కృష్ణాపత్రిక’ను స్థాపించినవారిలో కొండా వెంకటప్పయ్య న్యాయవాది. పగలు కోర్టులో ఆంగ్లంలో వాదించిన తరమే తీరిక వేళల్లో తెలుగు పత్రికలు నడిపింది. దేశ స్వాతంత్ర్యాన్ని, సంఘసంస్కరణను, సాహిత్యాన్ని తెలుగులో చర్చకు పెట్టిన ఆ తరం న్యాయశాస్త్రాన్ని మాత్రం మద్రాసు పత్రికలకే వదిలిపెట్టింది. తెలుగుకు శక్తి చాలక ఇలా జరిగిందనుకోవడం పొరపాటు. తీర్పును ఉదహరించవలసింది ఆంగ్లంలో కాబట్టి, వృత్తికి పనికివచ్చే వ్యాఖ్య కూడా ఆంగ్లంలోనే పుట్టింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు కొలువుదీరింది; 1956లో హైదరాబాదుకు తరలింది. ‘ఆంధ్ర వీక్లీ రిపోర్టర్’, ‘ఆంధ్ర లా టైమ్స్’ ఈ కాలపు సంతానం. ఊరు మారింది గానీ భాష మారలేదు. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విజయవాడలో పని ప్రారంభించి, కొద్ది నెలల్లోనే నది ఆవలి ఒడ్డున ఉన్న నేలపాడుకు చేరింది. అప్పటికి తీర్పుల సంపుటాల యుగం దాదాపు ముగిసింది.

అంతర్జాలంలో న్యాయసమాచారాన్ని ఉచితంగా అందించే ప్రయత్నం 1992లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. న్యాయ కళాశాలలు తమ పత్రికలను అచ్చులో ఆపి, అందరికీ తెరిచిన ఎలక్ట్రానిక్ రూపంలోనే వెలువరించాలని 2009లో డర్హమ్ ప్రకటన కోరింది. భారతదేశంలో 2008లో ‘ఇండియన్ కానూన్’ వచ్చింది. దానికి కొద్ది వారాల ముందు, 2007 డిసెంబరులో, ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్‌ల మధ్య వివాదంలో సుప్రీంకోర్టు కీలకమైన గీత గీసింది: తీర్పు మూలపాఠంపై ఏ ప్రచురణకర్తకూ కాపీరైటు లేదు, సంపాదకుడు తన వివేకంతో చేర్చిన పేరాల విభజన, న్యాయమూర్తుల ఏకీభావ విభేదాల సూచనలు వంటివాటికి రక్షణ ఉంది. తీర్పు నెత్తిన ఉండే సారాంశం, అంటే హెడ్‌నోట్, విషయంలో ఢిల్లీ హైకోర్టు అంతకుముందే ఇదే వైఖరి తీసుకుంది.

ఈ గీత చరిత్రకారునికి కూడా పనికివస్తుంది. తీర్పు పాఠం వేరు, పాండిత్యం వేరు. వందల పుటల్లో ఏ వాక్యం శాసనం, ఏది కేవలం ప్రసంగవశాత్తు అన్న మాట అని వేరుచేసేది హెడ్‌నోట్. ఆ సూత్రం నిలుస్తుందా అని నిలదీసేది పత్రికా వ్యాసం. డిజిటల్ యుగం మొదటిదాన్ని ఉచితం చేసింది. రెండవది చాలావరకు చందా గోడల వెనుకనే, ఆంగ్లంలోనే ఉండిపోయింది.

తెలుగులో పాఠం కూడా ఇప్పుడిప్పుడే వస్తోంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ‘సువాస్’ అనువాద సాధనాన్ని ప్రవేశపెట్టింది. 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ ద్వారా తీర్పులను ఉచితంగా ఇస్తూ ప్రాంతీయ భాషల్లోకి అనువాదాలను చేర్చసాగింది. అయితే ఆ అనువాదాలకు ఒక హెచ్చరిక జోడించి ఉంటుంది: కక్షిదారు తన భాషలో అర్థం చేసుకోవడానికే ఇది పరిమితం, అధికారిక ప్రయోజనాలకు ఆంగ్ల పాఠమే ప్రమాణం. రాజ్యాంగం 348వ అధికరణం దృష్ట్యా ఇది ఊహించదగిందే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం తెలుగులో తీర్పు వెలువరించడం అందుకే వార్త అయింది. ఇంకొక చిక్కు శోధన పెట్టెలో ఉంది. ‘మచిలీపట్నం’ అని తెలుగులో వెతికితే పై తీర్పు దొరకదు. 1861 నాటి ఆంగ్లేయుని చెవికి ఆ ఊరి పేరు ఎలా వినిపించిందో అలా రాయాలి.

ఈ లోటు ఎంతటిదో అమరావతి వ్యాజ్యాలు చూపించాయి. రాజధాని కోసం భూసమీకరణలో పొలాలిచ్చిన రైతుల వ్యాజ్యాలపై 2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం తీర్పు చెప్పింది. మూర్ సంపుటం బందరు చేరడానికి పట్టిన కాలంతో పోలిక లేకుండా, ఆ పాఠం చూస్తుండగానే ఫోన్లలోకి చేరింది. తుళ్లూరు రైతు చేతికి అందినది మాత్రం పత్రికల పతాక శీర్షికలూ టీవీ చర్చలూ. తమ తీర్పు అమలును పర్యవేక్షించే అధికారాన్ని న్యాయస్థానం తనవద్దే ఉంచుకోవడమంటే ఏమిటి, రాజధానిని మార్చే శాసనాధికారం శాసనసభకు లేదన్న మాటకు ఆధారమేమిటి అన్నవి ఆ రైతు బతుకును నేరుగా తాకే ప్రశ్నలు. అదే ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు గడువులకు సంబంధించిన ఆదేశాలపై స్టే ఇచ్చినప్పుడు, తీర్పులో ఏ భాగం నిలిచి ఉంది, ఏది ఆగింది అన్నది విడమరిచి చెప్పవలసిన అవసరం ఇంకా పెరిగింది. దినపత్రిక ఆ పనికి పుట్టింది కాదు. లా జర్నల్ పుట్టింది అందుకే.

మోదక్ తీర్పు ప్రకారం తీర్పుల మూలపాఠం అందరి సొత్తు. నాగార్జున విశ్వవిద్యాలయంలోనో విజయవాడ సిద్ధార్థ న్యాయ కళాశాలలోనో ఒక అధ్యాపకుడు అమరావతి తీర్పుకు తెలుగులో హెడ్‌నోట్, దాని కింద నాలుగు పుటల విమర్శ రాయదలిస్తే ఏ ప్రచురణకర్త అనుమతీ అక్కరలేదు. ఆ రాతపై హక్కు కూడా ఆయనదే అవుతుంది.