శ్రీకారం, ఓనమాలు: రెండు ఆరంభార్థక జాతీయాల శాసన మూలాలు

ఇంగ్లీషులోని ‘ఫ్రం స్క్రాచ్’ అనే జాతీయాన్ని ‘శ్రీకారం చుట్టు’ అని తెనిగిస్తే ఆరంభమనే అర్థం వస్తుంది. అయితే మూలంలోని భావం అంతా వస్తుందా అన్నది పరిశీలించదగిన విషయం.

స్క్రాచ్ అంటే నేలపై గీసిన గీత. పరుగు పందెంలో బలహీనులను కొంత ముందు నిలిపి, సమర్థుణ్ణి గీత దగ్గర నుంచే పరుగెత్తించేవారు. ఏ వెసులుబాటూ లేని ఆరంభమనే అర్థం అక్కడ పుట్టింది. అది క్రమంగా వంటకూ వ్యాపారానికీ వ్యాపించి, ఏమీ లేని స్థితి నుంచి మొదలుపెట్టడమనే అర్థంలో స్థిరపడింది.

తెలుగు జాతీయాల పుట్టుక ఆటస్థలంలో కాదు, రాతలో ఉంది. ఆ రాతకు ప్రాచీన సాక్ష్యాలు శాసనాలు. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని వింజమూరు పరిసరాలు విజయనగర కాలంలో ఉదయగిరి రాజ్యసీమకు చెందినవి. ఉదయగిరి దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి జయించాడు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలతో సహా ఈ జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. విజయనగర కాలపు దానశాసనాలు సాధారణంగా ‘స్వస్తి శ్రీ’ అని మొదలై, శకవర్షాన్ని పేర్కొని, ఆ తరువాతనే దాతనూ ప్రతిగ్రహీతనూ భూమినీ చెబుతాయి. ఇక్కడ ‘శ్రీ’ విషయంలో భాగం కాదు, విషయానికి ముందు నిలిచే మంగళవాచకం. కావ్యాలదీ ఇదే మర్యాద. నన్నయ భారతం ‘శ్రీ’తో మొదలవుతుంది. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన రచించిన విరాటపర్వానికీ అదే తొలి అక్షరం. ఉత్తరాల మీద, లెక్కల పుస్తకాల మీద పైన ‘శ్రీ’ రాసే అలవాటు ఈ సంప్రదాయపు కొనసాగింపే.

‘చుట్టు’ అనే క్రియకు అక్షరాకృతి కారణమని భావించవచ్చు. ‘శ్రీ’లో క్రారావడి శకారాన్ని చుట్టివస్తుంది. పొరుగున తమిళంలో ఆరంభాన్ని సూచించే ‘పిళ్ళైయార్ చుళి’లోనూ చుళి అంటే సుడి అనే అర్థం. కన్నడంలో ‘శ్రీకార హాకు’, హిందీలో ‘శ్రీగణేశ్’ ఇదే కోవకు చెందినవి.

‘స్వస్తి శ్రీ’ కంటే పాత ఆరంభపదం ‘సిద్ధం’. శాతవాహన, ఇక్ష్వాకు ప్రాకృత శాసనాల్లో పెక్కు దీనితో మొదలవుతాయి. శిల మీద మరుగైన ఆ పదం వీధిబడిలో నిలిచింది. ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని పిల్లల చేత దిద్దించేవారు. ఆ వాక్యంలోని తొలి అక్షరాలే ‘ఓనమాలు’ అయ్యాయి.

ఈ విధంగా శాసనాల రెండు ఆరంభపదాలు రెండు జాతీయాలలో మిగిలాయి. వాటి ప్రయోగక్షేత్రాలు మాత్రం వేరు. శ్రీకారంలో శుభాకాంక్ష, కర్త చొరవ ప్రధానం. అందుకే పథకాలకూ ఉద్యమాలకూ శ్రీకారం చుడతారు. ఓనమాలలో ఆరంభకుని అనుభవలేమి ప్రధానం. అందుకే ఒక విద్యలో ఏమీ ఎరుగనివాణ్ణి ‘ఓనమాలు తెలియనివాడు’ అంటారు. ఉన్నదంతా పోగొట్టుకుని తిరిగి మొదలుపెట్టినవాడు ‘శ్రీకారం చుట్టాడు’ అనడం తెలుగు నుడికారానికి పొసగదు. అతడు ‘మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాడు’ అంటేనే ఆ స్థితి తెలుస్తుంది. ‘ఫ్రం స్క్రాచ్’కు చేరువైనది శ్రీకారం కాదు, ఓనమాలే. ద్విభాషా నిఘంటువులు ఈ రెండు జాతీయాలనూ ఒకే ఆరోపం కింద చేర్చక, వేర్వేరు అర్థచ్ఛాయలతో చూపడం సమంజసం.