అల్లాదీన్ మా తోటరాముడే

1709 మే నెల. పారిస్. అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే సిరియా యువకుడు కథ చెబుతున్నాడు. వింటున్నవాడు ఆంత్వాన్ గలాన్, అరేబియన్ నైట్స్‌ను ఫ్రెంచిలోకి దించుతున్న పండితుడు. పేదరాలి కొడుకు, చిన్నాన్ననంటూ వచ్చిన మాంత్రికుడు, నేలమాళిగలో దీపం. ‘దీపం కథ’ పూర్తయిందని మే 5న గలాన్ డైరీలో రాసుకున్నాడు. పాత అరబ్బీ ప్రతుల్లో ఎక్కడా లేని అల్లాదీన్ అలా ఒక నోటి నుంచి పుస్తకంలోకి వచ్చాడు. 1788కల్లా లండన్ కోవెంట్ గార్డెన్‌లో వేదిక ఎక్కాడు. తర్వాత పాటలూ హాస్యమూ కలిపి, అల్లాదీన్ తల్లి వేషం మగ నటుడికిచ్చి, ఇంగ్లిషువాళ్లు దాన్ని క్రిస్మస్ పండగ నాటకం చేసుకున్నారు.

మన దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్రాడు తోటరాముడు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలకు అల్లాదీన్ ఛాయలు కలిసి, పింగళి నాగేంద్రరావు కలంలో, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో ‘పాతాళ భైరవి’ అయింది. దీపం బదులు భైరవి ప్రతిమ. మాంత్రికుడు ఎస్.వి. రంగారావు. నవ్వించడానికి అంజిగాడు, సదాజప.

రాముడి తల్లిగా వేసింది సురభి కమలాబాయి. ఆమె పుట్టుకే ఒక నాటకం. తల్లి నిండు గర్భిణి, దమయంతి వేషంలో ఉంది. రంగం మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్లు పరుగున వచ్చారు. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారట! ఆ పాపే పెద్దయి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకకు ‘కీచక వధ’ ఆడి మొదలైన సురభి నాటక కుటుంబం ఆమెది. పాతాళ భైరవిని వాళ్లు రంగస్థలం మీదా ఆడారు. సినిమాలో కెమెరా చేసిన మాయను సురభివాళ్లు తాళ్లతో, తీగలతో, రంగుల పరదాలతో, కళ్లెదుటే చేస్తారు. హార్మోనియం ఎత్తుకుంటే చాలు, వెనక ఎవరు తాడు లాగుతున్నారో చూడాలని కూడా అనిపించదు. ఈ కాలపు పిల్లలు తప్పకుండా చూడాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

నేను ఉంటున్నది దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో. ఇక్కడి మన పిల్లలకు అల్లాదీన్ కార్టూన్ తెలుసు, తోటరాముడు తెలియడు. పక్క ఫ్లాట్లలో సిరియావాళ్లు, ఈజిప్టువాళ్లు ఉన్నారు. మాంత్రికుడు రాముణ్ణి బుజ్జగించే ఘట్టం వాళ్లకు భాష రాకపోయినా అర్థమవుతుంది. అది వాళ్ల అమ్మమ్మలు చెప్పిన కథే కదా.

2013లో సురభివాళ్లు ‘మాయాబజార్’ను ఫ్రాన్స్ దాకా తీసుకెళ్లారు. హైదరాబాదు నుంచి దోహా అంతకన్నా ఎంతో దగ్గర. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి సినిమా పాటల కచేరీ ఒక్క ఏడాది ఆపి, ఆ ఖర్చుతో సురభి పరదాలనూ మనుషులనూ పిలిపించాలి. టికెట్లు అమ్మిపెట్టే పని నాకు అప్పజెప్పండి, చేస్తాను.